పాల బిల్లు డబ్బు – ఏ.టి.ఎం. కార్డు – మన జాగ్రత్త

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యులు, కార్యదర్శుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మామూలుగా ఇటువంటి సభలకు నన్ను పిలిస్తే ఆడిటు లోపాల సవరణ గురించో, మహాజనసభ సకాలంలో జరపడం గురించో మాట్లాడతాను. వెనుక వరుసల వారు కునుకు తీస్తారు. ఈసారి బ్యాంకు కార్డుల మోసాల గురించి చెప్పమన్నారు. నేను చదివినది సహకార డిప్లొమా, కంప్యూటరు విద్య కాదు. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ విషయంలో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. అది సభ్యుల ముందు చెప్పుకోవలసినదే.

పాల బిల్లు చేతికి ఎట్లా వచ్చేదో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. పదిహేను రోజులకొకసారి కార్యదర్శి పట్నం నుండి డబ్బు సంచి తెచ్చేవాడు. సంఘం అరుగు మీద కూర్చుని పేరు పిలిచి, లెక్కపెట్టి ఇచ్చి, వేలిముద్ర వేయించుకునేవాడు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయిన తరువాత చాలా సంఘాలలో ఆ పద్ధతి మారి, బిల్లు నేరుగా బ్యాంకు ఖాతాలో పడసాగింది. ఇది మంచి మార్పే. సంచితో వచ్చే కార్యదర్శికి దారిలో దొంగల భయం పోయింది. చిల్లర లేదని రెండు రూపాయలు కోసుకోవడం పోయింది. కాని బ్యాంకు ఊళ్లో లేదు. ఏ.టి.ఎం. కూడా లేదు. అక్కడ మొదలైంది మన చిక్కు.

2019వ సంవత్సరం మాట. ఊరి పేరు, సంఘం పేరు చెప్పను. ఫిబ్రవరిలో ఆ సంఘానికి తనిఖీకి వెళ్లాను. దినసరి పాల సేకరణ రిజిస్టరు, నగదు పుస్తకం, దాణా స్టాకు అన్నీ చూశాను. కొవ్వు పరీక్ష రిజిస్టరులో ఒక్క దిద్దుబాటు లేదు. అటువంటి కార్యదర్శులు జిల్లాలో నలుగురైదుగురు కూడా ఉండరు. సంతకం పెట్టి, స్టాంపు ప్యాడు కోసం బల్ల సొరుగు లాగితే ఒక బిస్కట్ల డబ్బా కనిపించింది. మూత తీశాను. లోపల రబ్బరు బ్యాండు వేసిన బ్యాంకు కార్డులు, పంతొమ్మిది. ఒక్కొక్క కార్డు కవరు మీద సభ్యుని పేరు, దాని కింద నాలుగు అంకెలు.

"ఇవేమిటయ్యా?" అన్నాను.

"ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు తొమ్మిది కిలోమీటర్లు ఏ.టి.ఎం. దాకా పోలేరు కదండీ. బిల్లు పడిన రోజు నేనే పోయి తీసుకొచ్చి ఎవరిది వారికి ఇస్తానండి," అన్నాడు. పంచిన డబ్బుకు ప్రత్యేకంగా ఒక నోటుపుస్తకం పెట్టాడు. అందులో సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. ఒక్క రూపాయి తేడా లేదు. ఇటువంటి మనిషి దొరకడం ఈ సభ్యుల అదృష్టం అనుకున్నాను. తనిఖీ నివేదికలో "పుస్తకములు సక్రమముగా నిర్వహింపబడుచున్నవి" అని రాసి బస్సెక్కాను. డబ్బా గురించి ఒక్క వాక్యం రాయలేదు. అది సంఘం పుస్తకాలలో లేని విషయం కనుక నాది కాదనుకున్నాను.

రెండున్నర నెలల తరువాత, బిల్లు పడిన రోజున, ఆయన ఆ కార్డులతో పట్నం వెళ్లాడు. వెనుక జనం వరుసగా నిలబడి ఉన్నారు. ఒక కార్డు పెడితే మిషను తీసుకోలేదు. పక్కనే ఉన్న కుర్రవాడు "ఇటివ్వండి పెద్దాయనా, తుడిచి పెడితే వస్తుంది" అని కార్డు అందుకుని, చొక్కాకు తుడిచి, మళ్లీ చేతిలో పెట్టాడు. అప్పటికి రాలేదు. ఈ కార్డు తరువాత చూద్దామని మిగిలినవన్నీ కానిచ్చి, ఆ సభ్యురాలికి తన జేబులో డబ్బు సర్ది ఇంటికి వచ్చాడు. కుర్రవాడు తిరిగి ఇచ్చినది ఆమె కార్డు కాదు. అదే బ్యాంకుది, అదే రంగుది, ఎవరో పరాయి మనిషిది. కవరు మీది నాలుగు అంకెలు వాడు ముందే చూసుకున్నాడు.

ఆ సభ్యురాలు భర్త పోయిన మనిషి. అంతకుముందు వారమే ఒక గేదెను అమ్మి, కూతురి నర్సింగు చదువు ఫీజు కోసం ఆ డబ్బు ఖాతాలో వేసుకున్నది. ఆ సాయంత్రం ఇరవై వేలు, మరునాడు ఉదయం ఇరవై వేలు పోయినవి. ఆ కార్డుకు రోజుకు అంతకంటే ఎక్కువ ఇవ్వరు కనుక రెండు రోజులు పట్టింది.

మరి బ్యాంకు మెసేజీ పంపలేదా అని మీరు అడగవచ్చు. పంపింది. ఆ ఖాతాలు జనధన శిబిరాలు జరిగిన 2014, 2015 సంవత్సరాలలో తెరిచినవి. ఆనాడు చాలామందికి ఫోను లేదు. ఫారంలో ఫోను నంబరు గడి ఖాళీగా ఉండకూడదని కార్యదర్శి అందరికీ తన నంబరే రాయించాడు. అందుచేత పంతొమ్మిది ఖాతాల మెసేజీలూ ఆయన ఫోనుకే వస్తాయి. బిల్లు రోజున వరుసగా వచ్చిన మెసేజీలలో ఇవీ కలిసిపోయినవి. తాను తీసిన డబ్బు తాలూకు మెసేజీలే అనుకున్నాడు. తరువాతి బిల్లుకు, అంటే పదిహేను రోజులకు, కార్డు మీది పేరు చూసినప్పుడు గాని సంగతి బయటపడలేదు.

ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు నేనే వెళ్లాను. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. సరైన కార్డు, సరైన పిన్ వాడి డబ్బు తీశారు, పిన్‌ను ఖాతాదారే ఇతరులకు చెప్పింది, పైగా పదిహేను రోజుల తరువాత వచ్చారు, ఇది ఖాతాదారు అజాగ్రత్త కిందికి వస్తుంది అన్నాడు. బయటికి వచ్చాక ఆమె నన్ను అడిగింది: "అయ్యా, నేను ఆ మిషను ముఖమే చూడలేదు. నేను అజాగ్రత్తగా ఎప్పుడున్నాను?"

నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆమె బంధువులు 51వ సెక్షను కింద విచారణ జరపమని అర్జీ పెట్టారు. సంఘం డబ్బు ఒక్క పైసా పోలేదు, పోయినది ఆమె సొంత ఖాతాలోది. పుస్తకాలలో లేని పనికి పుస్తకాలు ఏమి సాక్ష్యం చెప్తాయి? ఆ కార్యదర్శి మాత్రం ఎవరూ అడగకుండానే తన పాల బిల్లులో నుండి నెలకు రెండు వేల చొప్పున ఇరవై నెలలు ఆమెకు కట్టాడు. మరుసటి మహాజనసభలో పదవి వదిలివేశాడు. పిల్ల చదువు ఒక సంవత్సరం వెనుకబడింది.

ఇప్పుడు చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2017 జులై 6న రిజర్వుబ్యాంకు ఒక ఉత్తరువు ఇచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 14న సహకార బ్యాంకులకు కూడా అటువంటిదే ఇచ్చింది. ఖాతాదారు ప్రమేయం లేకుండా డబ్బు పోతే ఆ నష్టం ఎవరిది అనేది అందులో తేల్చారు. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారుకు ఒక్క రూపాయి నష్టం ఉండకూడదు. 2018 ఆగస్టులో పుణేలోని కాస్మోస్ సహకార బ్యాంకు కంప్యూటర్లలో దొంగలు చొరబడి, నకిలీ కార్డులతో అనేక దేశాల ఏ.టి.ఎం.లలోను, ఇతర మార్గాలలోను మొత్తం 94 కోట్ల వరకు లాగారు. ఆ భారం బ్యాంకు మోసింది, ఖాతాదారుల మీద పడలేదు. ఇక తప్పు బ్యాంకుదీ కాదు, ఖాతాదారుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగింది అనుకోండి. బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాలలోపల తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం లేదు. 4 నుండి 7 పనిదినాలలో చెబితే కొంత భరించాలి. ఆ ఉత్తరువులో సాదా ప్రాథమిక ఖాతాకు 5,000, మామూలు సేవింగ్సు ఖాతాకు 10,000 రూపాయలు గరిష్ఠ పరిమితిగా పెట్టారు. ఏడు రోజులు దాటితే ఆ బ్యాంకు బోర్డు నిర్ణయం ప్రకారం. తప్పు ఖాతాదారుదని రుజువు చేయవలసిన బాధ్యత బ్యాంకు మీదనే ఉన్నది. ఇది గుర్తుంచుకోండి, కౌంటరు దగ్గర పనికి వస్తుంది.

ఇక మూడవది. పిన్‌ను, ఓ.టి.పి.ని ఖాతాదారు ఇంకొకరికి తెలియజేసినందువల్ల నష్టం కలిగితే, బ్యాంకుకు చెప్పే వరకు పోయినదంతా ఖాతాదారుదే. చెప్పిన తరువాత పోయినది బ్యాంకుది. ఈ రెండవ వాక్యాన్ని మన కథకు పెట్టి చూడండి. మొదటి సాయంత్రం మెసేజీ ఆమె ఫోనుకే వచ్చి, ఆ రాత్రే బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించి ఉంటే, మరునాటి ఇరవై వేలు పోయేవే కావు. ఒకవేళ పోయినా బ్యాంకు ఇవ్వవలసి వచ్చేది.

పిన్ చెప్పినది నమ్మకమైన మనిషికే కదా అంటే ఉత్తరువులో నమ్మకమైన మనిషికి వేరే గడి లేదు. కొడుకైనా, కార్యదర్శి అయినా ఇతరులే.

దొంగలు ఎట్లా చేస్తారో కొంచెం చెప్తాను. మన పల్లెల వారి మీద ఎక్కువగా జరిగేది ఇప్పుడు చెప్పిన కార్డు మార్పిడే. దానికి ఏ చదువూ అక్కరలేదు, చేతివాటం చాలు. ఏ.టి.ఎం. గదిలో సాయం చేస్తామని వచ్చిన వారికి కార్డు ఇవ్వకండి. గార్డు ఉంటే గార్డును అడగండి, లేకపోతే బ్యాంకు తెరిచి ఉన్న వేళకు పోండి. బయటికి వచ్చే ముందు కార్డు మీది పేరు చూసుకోండి. చదువు రాని వారు కార్డు మూలన తమకు తెలిసే గుర్తు ఒకటి పెట్టుకోండి, చుక్కో గీతో. పాల క్యానుకు రంగు గుర్తు పెట్టుకుంటాం కదా, అట్లాగే.

రెండవది, కార్డు పెట్టే సందు దగ్గర చిన్న పరికరం అంటించి, కార్డు వెనుక నల్ల గీతలోని సమాచారం కాజేసి నకిలీ కార్డు చేయడం. పైన ఎక్కడో చిన్న కెమెరా పెట్టి పిన్ కూడా చూస్తారు. ఇందుకోసమే 2018 డిసెంబరు 31 లోపల పాత కార్డుల స్థానంలో చిప్పు ఉన్న కార్డులు ఇవ్వాలని రిజర్వుబ్యాంకు గడువు పెట్టింది. ఆ బంగారు రంగు చిప్పు ప్రతిసారీ కొత్త సంకేతం తయారుచేస్తుంది, దాన్ని నకలు తీయడం నల్ల గీత నకలు తీసినంత తేలిక కాదు. అయినా పిన్ కొట్టేటప్పుడు రెండవ చేయి అడ్డం పెట్టండి. పక్కవాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి.

మూడవది, డబ్బు వచ్చే సందుకు లోపల అడ్డం పెట్టడం. మిషను చప్పుడు చేస్తుంది, డబ్బు బయటికి రాదు. మీరు విసిగి వెళ్లిపోగానే వాడు వచ్చి తీసుకుంటాడు. డబ్బు రాకుండా ఖాతాలో తగ్గినట్లు మెసేజీ వస్తే అక్కడే నిలబడి బ్యాంకుకు ఫోను చేయండి. నిజంగా మిషను లోపమే అయితే, 2019 సెప్టెంబరు 20 నాటి ఉత్తరువు ప్రకారం 5 రోజులలో డబ్బు తిరిగి వేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు కలిపి ఇవ్వాలి. ఈ సంగతి తెలియక వదులుకున్నవారు ఈ సభలోనే ఉండవచ్చు.

ఇక ఫోను మోసాలు. "మీ కార్డు ఆగిపోయింది, కార్డు మీది పదహారు అంకెలు, వెనుక మూడు అంకెలు, ఇప్పుడు వచ్చిన ఓ.టి.పి. చెప్పండి" అంటారు. పి.ఎం. కిసాన్ పేరుతోనో, బ్యాంకు పేరుతోనో వాట్సాపులో ఒక ఏ.పి.కె. ఫైలు పంపుతారు. దాన్ని తెరిస్తే మీ ఫోనుకు వచ్చే మెసేజీలు వాళ్లు చదవగలుగుతారు. పిల్లల చేతిలో ఫోను ఉండే ఇళ్లలో ఇది మరీ ప్రమాదం. మీకు డబ్బు రావాలంటే మీరు పిన్ కొట్టనక్కరలేదు, ఓ.టి.పి. చెప్పనక్కరలేదు. పాల బిల్లు పడేటప్పుడు ఎవరైనా మిమ్మల్ని ఓ.టి.పి. అడిగారా? బ్యాంకులు ఖాతా విషయమై చేసే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లే వాడాలని 2025 జనవరిలో రిజర్వుబ్యాంకు చెప్పింది. మామూలు పది అంకెల నంబరు నుండి బ్యాంకు మేనేజరునంటూ ఫోను వస్తే పెట్టేయండి. మర్యాద తప్పుతుందని భయం వద్దు.

బ్యాంకులు మన చేతికి ఇచ్చిన తాళాలు కూడా ఉన్నవి, వాడుకునేవారే తక్కువ. 2020 జనవరిలో వచ్చిన ఉత్తరువు ప్రకారం కార్డును ఇంటర్నెట్టు కొనుగోళ్లకు, విదేశీ వాడకానికి మూసివేసుకోవచ్చు, రోజుకు ఎంత తీయాలో హద్దు తగ్గించుకోవచ్చు. పదిహేను రోజులకు నాలుగు వేలు తీసుకునే మనిషికి రోజుకు ఇరవై వేల హద్దు ఎందుకు? శాఖలో అడిగితే, లేక బ్యాంకు యాప్‌లో, తగ్గించవచ్చు. స్టేట్ బ్యాంకు 2020 జనవరి 1 నుండి తన ఏ.టి.ఎం.లలో తన కార్డులతో రాత్రివేళ 10,000, ఆపైన తీయడానికి ఓ.టి.పి. పెట్టింది. అదే సంవత్సరం సెప్టెంబరు 18 నుండి పగటివేళకు కూడా పెట్టింది. మంచి తాళమే, కాని ఓ.టి.పి. వచ్చే ఫోను కార్యదర్శి జేబులోనో, హైదరాబాదులో ఉన్న అబ్బాయి జేబులోనో ఉంటే ఆ తాళం చెవి మన దగ్గర లేనట్లే.

జరగకూడనిది జరిగితే మొదట బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించాలి. ఆ నంబరు కార్డు వెనుక ఉంటుంది. కార్డే పోతే నంబరు కూడా దానితోనే పోతుంది కనుక, ఈ రాత్రే దాన్ని మీ పాల పుస్తకం అట్ట మీద రాయించుకోండి. ఫిర్యాదు నంబరు, టైము అడిగి రాసుకోండి. వెంటనే 1930కి ఫోను చేయండి, అది దేశమంతటికీ ఒకటే నంబరు. ఫోను మోసంలో డబ్బు ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు మారుతూ పోతుంది. దొంగ దాన్ని నగదుగా తీసే లోపల తెలియజేస్తే మధ్యలో నిలపగలుగుతారు. గంట ముందు చెప్పినవానికీ, మరునాడు చెప్పినవానికీ చాలా తేడా ఉన్నది. తరువాత శాఖకు పోయి రాతమూలకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. నోటి మాటతో తిరిగి రావద్దు. ముప్పై రోజులలో బ్యాంకు జవాబు ఇవ్వకపోతే, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే, రిజర్వుబ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. దానికి రుసుము లేదు.

ఇందాక భోజనాల దగ్గర ఒక కార్యదర్శి నన్ను నిలదీశారు. "మేము పుణ్యానికి తెచ్చి ఇస్తున్నాం. మానేస్తే ముసలమ్మలు ఏమైపోవాలి సారూ?" అని. న్యాయమైన ప్రశ్న. దానికి సగం జవాబు మీ పరీక్ష గదిలోనే ఉన్నది. కొవ్వు పరీక్ష చేసేవాడు ఎంత నిజాయితీపరుడైనా సభ్యుడి కళ్ల ముందే శాతం చూసి చెప్పాలని పద్ధతి పెట్టుకున్నాం. వాణ్ణి నమ్మక కాదు, రేపు తేడా వస్తే వాడి మీద నింద పడకుండా ఉండడానికి. పంతొమ్మిది కార్డులు దగ్గర పెట్టుకున్న కార్యదర్శికి అటువంటి రక్ష ఏదీ లేదు. సంఘం ఆయన్ను కాపాడలేదు, మా శాఖా కాపాడలేదు.

మిగతా సగం జవాబు బ్యాంకు దగ్గర ఉన్నది. కార్డు తప్పనిసరి కాదు. వాడలేని సభ్యులు దాన్ని బ్యాంకుకు తిరిగి ఇచ్చి, పాస్‌బుక్కు మీదనే డబ్బు తీసుకోవచ్చు. చిన్న మిషనుతో ఊళ్లకు తిరిగే బ్యాంకు మిత్రను బిల్లు పడిన మరునాడు పాలు పోసే వేళకు సంఘానికి రమ్మని పాలకవర్గం తీర్మానం చేసి శాఖకు పంపవచ్చు. నాకు తెలిసిన రెండు సంఘాలలో ఇది నడుస్తున్నది. అక్కడ కూడా చూసుకోవలసినది ఒకటే: వేలు పెట్టినప్పుడల్లా రసీదు అడగండి. "పడలేదు, మళ్లీ పెట్టు" అంటే మొదటి దానికి కూడా రసీదు అడగండి. ఆధార్ వేలిముద్రలకు తాళం వేసుకునే వీలు కూడా ఉన్నది, అవసరమైనప్పుడు తెరుచుకోవచ్చు.

పాలకవర్గాల వారికి ఒక మాట. నోటీసు బోర్డు మీద కొవ్వు శాతం రేట్ల పట్టిక పక్కన మీ బ్యాంకు నంబరు, 1930 పెద్ద అక్షరాలతో రాయించండి. నా తనిఖీలో ఇకమీద ఆ బోర్డు చూస్తాను, సొరుగూ తెరుస్తాను. కార్డులు కనిపిస్తే ఈసారి నివేదికలో రాస్తాను. ఎవరూ కోపం తెచ్చుకోవద్దు.

బయట వరండాలో బ్యాంకు వారు ఇద్దరు బల్ల వేసుకుని కూర్చున్నారు. ఖాతాకు ఉన్న ఫోను నంబరు మార్చుకునే ఫారాలు తెచ్చారు. పాస్‌బుక్కు, ఆధార్ నకలు, మీ సొంత ఫోను ఉంటే ఇప్పుడే రాసి ఇవ్వవచ్చు. మీ ఖాతాకు ఏ నంబరు ఉన్నదో తెలియనివారు ముందు అది అడిగి తెలుసుకోండి. కార్యదర్శులు ఎవరి దగ్గరైనా సభ్యుల కార్డులు ఉంటే, రేపు సాయంత్రం పాల వేళకు ఎవరిది వారికి ఇచ్చి సంతకం తీసుకోండి. కార్డు అందుకున్నవారు పాత పిన్ మార్చుకోవాలి. ఎట్లా మార్చాలో ఆ బల్ల దగ్గర చూపిస్తారు. అరవై ఫారాలు ఉన్నవట. చాలకపోతే నా సంచిలో ఇంకో కట్ట ఉన్నది.